చిన్నా, ఆ యూరియా బస్తా ఇప్పుడే విప్పకు

చిన్నా,

ఫోటోలు చూశాను, వరి చేను పాలిపోయింది మామయ్యా రేపు ఎకరానికి ఇంకో బస్తా కొట్టేయనా అని అడిగావు కదా, ఆగు. ముందు చేలోకి దిగి ఒక దుబ్బు చేత్తో పట్టుకుని చూడు. అడుగాకులు పసుపెక్కి పైన కొత్తాకు పచ్చగా ఉంటే అది నత్రజని తక్కువే, ఎందుకంటే చాలనప్పుడు మొక్క ముసలాకుల్లో ఉన్నది లాగేసి లేత ఆకుకి పంపుకుంటది, తల్లి తన కంచంలోది తీసి పిల్లకి పెట్టినట్టు. అదే కొత్తాకు పసుపెక్కిందనుకో, ఇనుమో గంధకమో లోపం అయ్యుంటది, యూరియా ఎంత పోసినా లాభం లేదు. అడుగాకుల మీద తుప్పు మచ్చలుంటే జింకు సంగతి చూడాలి.

సరే నత్రజనే తక్కువైంది అనుకుందాం. యూరియా బస్తా 45 కేజీలు, దాంట్లో నత్రజని 20 కేజీల పైచిలుకు. వరిలో చల్లిన దాంట్లో పైరుకి అందేది మామూలుగా 30-40 శాతమేరా, మిగతాది ఎక్కడికి పోతుందో తెలిస్తే నువ్వు ఇలా చల్లవు. యూరియా నేలలో కొద్ది రోజుల్లోనే అమ్మోనియంగా మారుద్ది, బంకమన్ను దాన్ని పట్టుకుని ఉంచుతుంది, వరి వేరు ఎక్కువగా తీసుకునేది కూడా దాన్నే. కానీ నువ్వు మోకాల్లోతు నీళ్ళలో చల్లితే అది మన్నుని చేరకముందే నీళ్ళలోనే కరిగిపోతుంది, పైగా ఎండ మీద పాచి పని చేసేటప్పుడు ఆ నీళ్ళకి క్షారగుణం పెరిగి అమ్మోనియా గాలిలోకి లేచిపోద్ది. ఇంకా చేను ఒకసారి ఎండబెట్టి ఒకసారి ముంచుతూ ఉంటే ఆ అమ్మోనియం కాస్తా నైట్రేట్‌గా మారి, నీళ్ళతో కిందకి దిగిపోవడమో, బురదలోని సూక్ష్మజీవుల వల్ల గాలై పోవడమో జరుగుద్ది. అందుకే నీళ్ళు తీసేసి బురద పదునులో చల్లు, వీలైతే వీడర్ (కలుపు తీసే పనిముట్టు) తిప్పి మన్నులో కలుపు, ఒకట్రెండు రోజులాగి అప్పుడు పలచగా నీళ్ళు పెట్టు.

ఇక అసలు మాట. వేరు తీసుకున్నంత మాత్రాన అయిపోలేదు, అమ్మోనియం ఎక్కువైతే మొక్కకే విషం, అందుకని వేరులోనే వెంటనే దాన్ని అమైనో ఆమ్లాలుగా మార్చుకుంటుంది, ఆ మార్చుకోడానికి చక్కెర కావాలి, చక్కెరకి ఎండ కావాలి. వారం రోజులుగా అక్కడ ముసురు అంటున్నావు, ఇప్పుడు నువ్వు వేస్తే ప్రొటీన్ అవ్వాల్సింది సగంలో ఆగి ఆకులో రసంగా నిలబడిపోద్ది, ఆకు నల్లపచ్చగా కనిపిస్తే మనం మురిసిపోతాం, పురుగుకి మాత్రం అది విందు.

నేను అలా ఒక సార్వా (వానాకాలం పంట) పోగొట్టుకున్నాను రా. సాంబ మసూరి, ఊళ్ళో అందరికంటే నా చేనే పచ్చగా ఉందని పక్కోళ్ళకి చూపించేవాణ్ణి, చిరుపొట్టకి, అంటే లోపల కంకి మొలకెత్తే దశకి, ముందు మబ్బుల్లో ఇంకో బస్తా వేశాను. పది పదిహేను రోజులకి దుబ్బుల మొదళ్ళు విడదీసి చూస్తే రసం పీల్చే సుడిదోమ గోధుమ రంగులో కమ్ముకుని ఉంది, తర్వాత చేను మధ్యలో గుండ్రంగా చుట్టలు చుట్టలుగా ఎండిపోయింది. మందు కొట్టాను, అప్పటికే ఆలస్యం. ఆ ఎండిన చుట్టల్లో నడుస్తుంటే కాళ్ళ కింద దంట్లు పటపటమని విరిగిన చప్పుడు నాకింకా గుర్తుంది, అందుకే నీకింత గట్టిగా చెప్తున్నా.

కాబట్టి నాట్లకి ముందు బురద దున్నే దమ్ములో ఒక వంతు, పిలకలు పెట్టేటప్పుడు ఒక వంతు, చిరుపొట్టకి ఒక వంతు, అంతే. చిరుపొట్ట తెలియకపోతే తల్లి పిలకని బ్లేడుతో నిలువునా చీల్చు, పై కణుపు మీద దూదిలాంటి చిన్న తెల్ల మొన కనిపిస్తే అదే టైము.

ఈ కోత అయ్యాక పిల్లిపెసర చల్లు, వచ్చే సార్వాకి ముందు పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ వేసి పూతకి వచ్చేటప్పటికి కలియదున్ను. దున్నేముందు ఒక జీలుగ మొక్క పెరికి వేరు బుడిపె గోటితో చీల్చి చూడు, లోపల ఎర్రగా ఉంటే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి పెడుతున్నట్టు, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పని జరగట్లేదు.

రేపు పొద్దున్నే మళ్ళీ ఫోటో తియ్యి, ఒకే దుబ్బుకి అడుగాకు, కొత్తాకు రెండూ కనపడాలి. ఎండ వచ్చాక చెప్తాను ఎంత వెయ్యాలో, అప్పటిదాకా మడిలో నీళ్ళు మాత్రం తగ్గించి ఉంచు.

మీ మామయ్య