ఫిట్స్ వచ్చిన రాత్రి ప్లాటు పనికిరాదు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఖమ్మంలో ఓ ప్రైవేటు కంపెనీలో పని చేస్తున్నాను. చేతికి నెలకు రూ.72 వేలు వస్తుంది. పాప ఎనిమిదో తరగతి. బాబుకు 9 ఏళ్లు, మూడో ఏట నుంచి ఫిట్స్. లెనాక్స్-గస్టో సిండ్రోమ్ అని హైదరాబాద్‌లో డాక్టర్లు చెప్పారు. మూడు రకాల మందులు వాడుతున్నా పూర్తిగా తగ్గలేదు. రెండేళ్లలో మూడుసార్లు ఐసీయూలో చేర్చాం. కంపెనీ వాళ్ల రూ.5 లక్షల బీమా ఉన్నా ప్రతిసారీ అప్పు చేయక తప్పలేదు. క్రెడిట్ కార్డు మీద రూ.1.6 లక్షలు, బంగారం తాకట్టు మీద రూ.3 లక్షలు బాకీ ఉంది. రూ.5 లక్షల చిట్టీ ముందే పాడేశాను, చేతికి రూ.3.6 లక్షలు వచ్చాయి. నెలకు రూ.10 వేల చొప్పున ఇంకా 14 నెలలు కట్టాలి. అద్దె, ఇంటి ఖర్చు, పాప ఫీజు, బాబు మందులు, థెరపీ కలిపి రూ.51 వేలు. బాబు భవిష్యత్తు కోసమని ఊరి బయట ప్లాటు కొన్నాను. దాని ఈఎంఐ రూ.14 వేలు, ఇంకా రూ.7 లక్షల అప్పుంది. అమ్మితే రూ.20 లక్షల దాకా వస్తుందంటున్నారు. పిల్లల పాలసీలకు నెలకు రూ.5 వేలు కడుతున్నాను. ఇప్పుడు బ్యాంకు వాళ్లు 14 శాతం వడ్డీకి ఐదేళ్లకు రూ.10 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. కార్డు, బంగారం తీర్చేసి మిగతాది మ్యూచువల్ ఫండ్లలో వేస్తే 15 ఏళ్లలో బాబుకు కోటి అవుతుందా? స్టెమ్ సెల్ చికిత్సకు కొంత వాడమని కూడా కొందరు అంటున్నారు. మా ఆవిడ టీచర్ ఉద్యోగం మానేసింది. నాలుగేళ్లుగా తనకు రాత్రిళ్లు సరిగా నిద్ర లేదు.

జవాబు: అవదు. ఆ లోన్ తీసుకోకండి. దీనికి రెండో ఆలోచన అక్కర్లేదు.

లెక్క చూడండి. మీరు రాసిన ఖర్చులన్నీ కలిపితే నెలకు రూ.80 వేలు. జీతం రూ.72 వేలు. అంటే బాబు ఆసుపత్రి మొహం చూడని నెలలో కూడా మీకు రూ.8 వేలు తక్కువ పడుతోంది. అది ఎక్కడి నుంచి వస్తోందో కార్డు బిల్లు తీసి చూస్తే తెలుస్తుంది. దీనిమీద రూ.10 లక్షల లోన్ తీసుకుంటే ఈఎంఐ దాదాపు రూ.23 వేలు. లోటు రూ.31 వేలకు చేరుతుంది. ఐదేళ్లలో వడ్డీయే రూ.4 లక్షల దాకా కడతారు. ఇక మిగిలిన సుమారు రూ.5 లక్షలు 15 ఏళ్లలో కోటి కావాలంటే ఏటా 22 శాతం చొప్పున పెరగాలి. అంత వస్తుందని ఎవరైనా చెబితే వాళ్ల ఫోన్ నంబరు బ్లాక్ చేయండి. 12 శాతం వచ్చిందనుకున్నా రూ.27 లక్షలే. అదీ మధ్యలో తీయకుండా ఉంటేనే. మీ ఇంట్లో అది జరగదు. నాలుగోసారి ఐసీయూ అనగానే మొదట అమ్మేది ఆ ఫండ్లే. మార్కెట్ పడి ఉన్నా అమ్మాల్సిందే.

స్టెమ్ సెల్ సంగతి డాక్టర్లు చెప్పాల్సింది కానీ, డబ్బుకు సంబంధించినంత వరకు నాది ఒకటే మాట. ఫిట్స్‌కు దాన్ని ఆమోదించిన చికిత్సగా భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) గుర్తించలేదు. పరిశోధనలో భాగంగా చేస్తే రోగి నుంచి డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడుగుతున్నారంటే అక్కడే అర్థం చేసుకోవాలి.

మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం, దీర్ఘకాలిక జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు చాలామంది చేసే పొరపాటు ఇందులో అచ్చంగా కనిపించడమే. 'మేం పోయాక వీడికెవరు దిక్కు' అన్న భయం ఉంటుంది కదా, ఆ భయంతో సంపాదించిన ప్రతి రూపాయీ ఇరవై ఏళ్ల తర్వాతి కాలానికి పంపేస్తారు. ప్లాటు, పిల్లల పాలసీ, చిట్టీ. వచ్చే నెలకు మాత్రం చేతిలో ఏమీ ఉండదు. మీ బాబుకున్నది మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు. ఈ సిండ్రోమ్‌లో ఫిట్స్ మందులకు ఓ పట్టాన లొంగవు, రకరకాలుగా వస్తాయి, నిద్రలో వచ్చేవి ఎక్కువ. ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తుందని మాత్రం తెలుసు. తెలిసిన ఖర్చుకు ప్రతిసారీ అప్పు చేయడమేమిటి? రెండేళ్లలో మూడుసార్లు జరిగింది 'అనుకోకుండా' జరిగినట్టు కాదు. చిట్టీ పాటలోనే రూ.1.4 లక్షలు వదులుకున్నారు. నగదు లేకపోవడం వల్ల మీరు కట్టిన జరిమానా అది.

కాబట్టి ప్లాటు అమ్మేయండి. బాబు కోసం కొన్నది కదా అని మనసొప్పదని నాకు తెలుసు. అర్ధరాత్రి రెండు గంటలకు ఆసుపత్రి కౌంటర్లో అడ్వాన్స్ కట్టమంటే ప్లాటు కాగితాలు చూపించలేరు. తొందరలో అమ్ముతారు కాబట్టి రూ.18 లక్షలే లెక్కేసుకుందాం. బ్యాంకుకు రూ.7 లక్షలు పోతే రూ.11 లక్షలు మిగులుతాయి. అందులోంచి అదే రోజు కార్డు, బంగారం తీర్చేస్తే రూ.4.6 లక్షలు పోతాయి. మిగతా రూ.6.4 లక్షల్లో రూ.5 లక్షలు అత్యవసర నిధి. దాన్ని ఇంక దేనికీ కదపకూడదు. చివర మిగిలేది బ్రోకరుకు, పన్నుకు సరిపోవచ్చు. ఏమైనా మిగిలితే చిట్టీ బాకీలో వేయండి.

రూ.5 లక్షలే ఎందుకంటే, ప్లాటు ఈఎంఐ, పాలసీలు పోయాక మీ నెల ఖర్చు రూ.61 వేలు. ఆరు నెలలకు రూ.3.66 లక్షలు. బాబు మంచాన పడితే మీకు జీతం లేని సెలవులు తప్పవు, అందుకని ఆరు నెలలకు తగ్గడానికి నేను ఒప్పుకోను. ఆసుపత్రి అడ్వాన్సుకు మరో లక్ష. క్యాష్‌లెస్ అనుమతి గంటలోగా ఇవ్వాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. అయినా ఆ గంట గడిచేలోపు కౌంటర్లో డబ్బు అడుగుతారు. చేతి తొడుగుల నుంచి రకరకాల సామాన్ల దాకా బీమా ఇవ్వనివి బిల్లులో ఉండనే ఉంటాయి. మిగిలిన రూ.34 వేలు అదనపు మందులకు. రెండు నెలల మందులు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. రూఫినమైడ్ లాంటివి ప్రతి మెడికల్ షాపులోనూ దొరకవు. స్టాకు లేక రెండు పూటలు తప్పితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే డాక్టరు రాసిచ్చి ఉంటే దాన్ని ఇంట్లో ఒకటి, స్కూలు బ్యాగులో ఒకటి ఉంచండి. ఐసీయూ బిల్లు పక్కన దాని ధర లెక్కలోకే రాదు. ఖర్చు తగ్గించాలని జన్ ఔషధి దుకాణానికి వెళ్తే మంచిదే కానీ, ఫిట్స్ మందు బ్రాండు మార్చే ముందు డాక్టరును అడగండి.

ఈ నిధి మొత్తం మీ ఖాతాలో ఉంచొద్దు. పగలు ఫిట్స్ వస్తే ఇంట్లో ఉండేది మీ ఆవిడ. లక్ష రూపాయలు ఆమె సేవింగ్స్ ఖాతాలో, ఆమె ఫోన్‌లో యూపీఐతో సహా ఉండాలి. ఓ రూ.10 వేలు నగదుగా బీరువాలో ఉంచండి, అంబులెన్సుకూ ఆటోకూ. మిగతాది స్వీప్ డిపాజిట్‌లో (సేవింగ్స్ ఖాతాకు ముడిపడి, కావాల్సినప్పుడు తీసుకోగలిగే ఎఫ్‌డీలో) వేయండి. ఎక్కువ వడ్డీ వస్తుందని ఎవరు చెప్పినా ఇంకెక్కడా పెట్టొద్దు.

ఇప్పుడు మీరు ఉత్తరం చివర్లో రాసిన సంగతికి వస్తాను. నాలుగేళ్లుగా ఆమెకు నిద్ర లేదన్నారు. మీరు దాన్ని ఖర్చుల్లో రాయలేదు, నేను రాస్తాను. ప్లాటు అమ్మాక నెలకు రూ.11 వేలు మిగులుతుంది. అందులో రూ.5 వేలు రాత్రి కాపలాకు పెట్టండి. వారానికి ఒక రాత్రి నమ్మకమైన ఆయానో, ఫిట్స్ వస్తే ఏం చేయాలో నేర్పిన దగ్గరి బంధువునో బాబు గదిలో పడుకోబెట్టండి, మీ ఆవిడ వేరే గదిలో తలుపేసుకుని నిద్రపోవాలి. వారంలో మరో రాత్రి ఆ డ్యూటీ మీది. దీన్ని విలాసం అనుకోకండి. ఆమె ఆరోగ్యం దెబ్బతింటే బాబును చూడటానికి మనిషిని పెట్టాల్సి వస్తుంది. రాత్రీపగలూ ఉండే మనిషికి మీ జీతంలో ఎంత పోతుందో ఒకసారి వాకబు చేయండి, అప్పుడు ఈ రూ.5 వేలు చౌకగా కనిపిస్తాయి. ఇంట్లో ట్యూషన్లు చెప్పాలని ఆమెకు ఉంటే చెప్పనివ్వండి. వచ్చే డబ్బు కోసం అని కాదు. రోజుకు ఓ గంటైనా ఆ గది దాటి వేరే పని ఉండాలి. ఇలాంటి ఇళ్లలో పెద్ద పిల్లలు కూడా సర్దుకుపోతూ మాట్లాడటం మానేస్తారు. పాప పేరిట కూడా నెలకు కొంత, ట్రిప్పుకో సంగీతానికో, ఆమె ఇష్టానికి వదలండి.

మిగతా రూ.6 వేలలో రూ.2 వేల లోపే మీకు కోటి రూపాయల టర్మ్ పాలసీ, అంటే మీరు చనిపోతేనే ఇంటికి డబ్బిచ్చే బీమా, రావచ్చు. ఆరేళ్లుగా ఈ సమస్య నడుస్తుంటే మీ ఉత్తరంలో టర్మ్ పాలసీ ఊసే లేకపోవడం నాకు కోపం తెప్పించింది, దాచుకోను. మీరు లేకపోతే ఈ ఇంటికి వచ్చేది మీ పీఎఫ్, పీఎఫ్‌తో పాటు ఉండే ఈడీఎల్‌ఐ బీమా కింద గరిష్ఠంగా రూ.7 లక్షలు, కొద్దిపాటి పింఛను. శాశ్వతంగా పూర్తి వైకల్యం ఉన్న బిడ్డకు పీఎఫ్‌లోని పింఛను పథకం ఈపీఎస్‌లో వయసుతో పనిలేకుండా పింఛను వస్తుంది, నామినేషన్‌లో బాబు వివరాలు సరిగా ఉన్నాయో చూసుకోండి. టర్మ్ పాలసీ వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటే ఆ డబ్బును అప్పులవాళ్లు ముట్టుకోలేరు. పిల్లల పాలసీలను పెయిడప్ చేసి (ఇప్పటిదాకా కట్టినదాని మేరకే కొనసాగేలా మార్పించి) ప్రీమియం ఆపేయండి. మిగిలే రూ.4 వేలు నిధికి అదనంగా పోతాయి. చిట్టీ అయిపోయాక వచ్చే రూ.10 వేలను అప్పుడు ఫండ్లలో వేయడం గురించి మాట్లాడుకుందాం.

కంపెనీ బీమా ఉద్యోగం ఉన్నన్నాళ్లే. విడిగా ఒక పాలసీకి ఇప్పుడే దరఖాస్తు చేయండి, బాబు జబ్బు దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బుకు గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణే ఉండాలి. బాబుకు మేధో వైకల్యం కూడా ఉంటే ఆ మేరకు సర్టిఫికెట్, వైకల్యం ఉన్నవారికి ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు తీసుకోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఫిట్స్ పేరు విడిగా లేదు కాబట్టి చాలామంది అసలు దరఖాస్తే చేయరు. ఆ కార్డుతో కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో చేరితే ఏడాదికి లక్ష రూపాయల వరకు, మందులు, థెరపీ లాంటి ఓపీ ఖర్చులకు కూడా కొంత వస్తుంది. చందా కొన్ని వందలే. వైకల్యం ఉన్న కుటుంబ సభ్యుడి ఖర్చుకు ఇచ్చే 80డీడీ పన్ను మినహాయింపు గురించి ఎవరైనా చెబితే మీకు అక్కర్లేదు, ఈ జీతానికి కొత్త విధానంలో పన్నే పడదు.

బాబు పేరు మీద మాత్రం ఏ ఆస్తీ రాయకండి. పద్దెనిమిదేళ్లు నిండాక తను సంతకం పెట్టలేని స్థితిలో ఉంటే అమ్మడానికీ, తీయడానికీ గార్డియన్ కావాలి. అందుకు జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ దగ్గరికి వెళ్లాలి. ఇంకా తొమ్మిదేళ్లుంది, ఆ సంగతి వాడికి పదిహేడు వచ్చాక మొదలుపెడితే చాలు. ఈ వారం చేయాల్సింది ప్లాటు బ్రోకరుకు ఫోన్ చేయడం, బ్యాంకు వాళ్లకు లోన్ వద్దని చెప్పడం.