పియానో అంటే ఇష్టమే, అయినా పొద్దున్నే కడుపునొప్పి: ప్రతిభా, ఒత్తిడా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. మా పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి చదువుతోంది. ఐదో ఏట సండే స్కూలుకు వెళ్తూ, చర్చిలో కీబోర్డు మీద విన్న పాటలను ఎవరూ నేర్పకుండానే వాయించడం మొదలుపెట్టింది. కువైట్‌లో ఉద్యోగం చేసే మా వారు అది చూసి సంబరపడి 88 మెట్ల డిజిటల్ పియానో కొన్నారు. రెండేళ్లుగా ఆన్‌లైన్‌లో నేర్చుకుంటోంది. రెండు గ్రేడు పరీక్షలు డిస్టింక్షన్‌లో పాసయింది, వచ్చే నెలలో మూడోది ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి గంటన్నర, బడి నుంచి వచ్చాక రెండు గంటలు, రాత్రి తొమ్మిదిన్నరకు వాళ్ల నాన్న వీడియో కాల్‌లో వింటుండగా మరో గంట సాధన చేయిస్తున్నాం. మూడు నెలలుగా పొద్దున్నే బొడ్డు చుట్టూ నొప్పి అంటోంది. గోళ్లు కొరుకుతోంది. కుడి మణికట్టు లాగుతోందని కూడా అంటోంది. ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండదు. మా వారు "పాశ్చాత్య సంగీతకారుడు మొజార్ట్‌ను వాళ్ల నాన్న ఇలాగే తయారుచేశాడు, నొప్పి ఒక సాకు" అంటారు. మా అత్తగారు "పసిదాన్ని పీక్కు తింటున్నారు" అంటారు. ఇది పుట్టుకతో వచ్చిన ప్రతిభా, మేం పెడుతున్న ఒత్తిడా? మాన్పించెయ్యాలా? ఇంకో మాట. సందెవేళ చుట్టుపక్కల ఎవరూ లేరనుకున్నప్పుడు కాలవలో వెళ్లే పడవ ఇంజను చప్పుడునూ, కప్పల అరుపులనూ పియానో మీద పలికిస్తూ తనలో తను నవ్వుకుంటుంది. వీడియో తీయబోతే ఆపేస్తుంది. తీయాలా, వద్దా? — ఒక తల్లి

డాక్టర్ సలహా:

అమ్మా, మీరు ప్రతిభ గురించి అడిగారు గానీ, పిల్లల వైద్యుణ్ణి కనుక ముందు కడుపు దగ్గర మొదలుపెడతాను. బడి వయసు పిల్లల్లో బొడ్డు చుట్టూ మాటిమాటికీ వచ్చే నొప్పికి చాలాసార్లు కడుపులో ఏ జబ్బూ కనిపించదు. అంతమాత్రాన ఆ నొప్పి అబద్ధమని కాదు. పేగులకూ మెదడుకూ మధ్య నరాల రాకపోకలు ఎడతెగకుండా సాగుతూనే ఉంటాయి. భయం, ఆత్రుత పెరిగినప్పుడు పేగుల కదలిక మారుతుంది, మామూలు కదలికే నొప్పిగా తెలుస్తుంది. పాప నొప్పి అంటున్నదంటే నొప్పి ఉన్నట్టే. "సాకు" అన్న మాటను ఇంట్లో ఇక ఎవరూ, ముఖ్యంగా పాప వినేలా, అనకుండా చూడండి. సాకు అనిపించుకున్న బిడ్డ రేపు నిజంగా అపెండిసైటిస్ వచ్చినా పంటి బిగువున ఓర్చుకుని కూర్చుంటుంది, అలాంటి పిల్లలను ఆలస్యంగా తీసుకువచ్చిన సందర్భాలు నేను చూశాను.

అయితే ఒత్తిడి అని తేల్చే ముందు ఒకసారి మీ దగ్గరలోని పిల్లల డాక్టరుకు చూపించాలి. మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నులిపురుగులు ఇవన్నీ ఇదే రకం నొప్పిని తెస్తాయి. గోళ్లు కొరికే పిల్లల్లో నులిపురుగులు మళ్లీ మళ్లీ పట్టుకోవడం మామూలే, ఎందుకంటే వాటి గుడ్లు గోళ్ల కిందనే దాక్కుంటాయి. బడిలో ఇచ్చే అల్బెండజోల్ మాత్ర పాప వేసుకున్నదో లేదో కనుక్కోండి. బరువు తగ్గడం, నొప్పితో నిద్రలోంచి లేవడం, వాంతులు, జ్వరం, మలంలో రక్తం, బొడ్డుకు దూరంగా ఒక పక్కకే నొప్పి ఉండడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయవద్దు. మీరు రాసినదాన్ని బట్టి అవేవీ లేవు. నొప్పి తెల్లవారుజామున లేపినప్పుడే వస్తోంది, ఆదివారం రావడం లేదు. పురుగులకు ఆదివారం సెలవు ఉండదు కదా!

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది నొప్పి కాదు, గడియారం. తొమ్మిదిన్నరకు మొదలయ్యే గంట సాధన పదిన్నరకు ముగిసి, పాప పదకొండు గంటల వేళకు నిద్రపోయి, నాలుగున్నరకు లేస్తోందంటే అయిదున్నర గంటలే పడుకుంటోంది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పగలు వేళ్లతో నేర్చుకున్నది మెదడులో గట్టిపడేది నిద్రలోనే కనుక, నిద్రను కోసి సాధనకు పెట్టడమంటే తూములో నీళ్లు పెడుతూ గట్టుకు గండి కొట్టడమే. మీ ప్రాంతంలో చేలకు నీళ్లు పెట్టే వారెవరికైనా ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు. నా మందుల చీటీలో మొదటి మందు ఇదే: రేపటి నుంచి తెల్లవారుజామున లేపడం పూర్తిగా మానండి, రాత్రి తొమ్మిదికల్లా పడుకోబెట్టండి.

మణికట్టు సంగతి. పియానో మీద ఒక అష్టకం, అంటే ఒక షడ్జం నుంచి పై షడ్జం దాకా, దాదాపు పదహారున్నర సెంటీమీటర్లు ఉంటుంది. అది పెద్దవాళ్ల చేతికి చేసిన కొలత. తొమ్మిదేళ్ల చెయ్యి అంత దూరం సాగాలంటే మణికట్టు పక్కకు వంగాలి, బొటనవేలు విడిగా సాగాలి, మోచేతి కింది కండరాలు బిగుసుకోవాలి. దీనికి తోడు బల్ల ఎత్తు సరిపోకపోతే భుజాలు పైకి లేస్తాయి. ముంజేయి మెట్లకు సమంగా ఉండేటట్టు కూర్చోబెట్టి, కాళ్లు గాలిలో వేలాడకుండా కింద ఒక పీట వేయండి. ఇరవై ఐదు నిమిషాలకు ఒకసారి లేచి ఐదు నిమిషాలు తిరగాలి. నొప్పి ఉన్నంత కాలం పెద్ద సాగతీతలున్న పాఠాలను ఆపమని టీచరు గారితో మీరే చెప్పండి, పాప చెప్పలేదు. నొప్పి మాత్ర వేసి వాయించే పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. రెండు వారాలు విశ్రాంతి ఇచ్చినా తగ్గకపోయినా, వాపు, తిమ్మిరి ఉన్నా ఎముకల డాక్టరుకు చూపించాలి.

ఇక మీ వారి మొజార్ట్ గురించి. 1756లో పుట్టిన మొజార్ట్‌కు తండ్రి లియోపోల్డే గురువన్నది నిజం, 1763 నుంచి మూడేళ్లకు పైగా ఆ బిడ్డను యూరప్ అంతా తిప్పారన్నదీ నిజం. కానీ ఆ బండిలో మరో బిడ్డ కూడా ఉంది. అక్క నానెర్ల్‌కు అదే తండ్రి, అదే ఇల్లు, అదే శిక్షణ. ఆమె కూడా అపురూపమైన వాద్యకారిణే. 1765లో హేగ్ నగరంలో ఆమెకు జ్వరం ముదిరి చివరి ప్రార్థనలు జరిపించే దాకా వచ్చింది, ఆమె తేరుకునేలోపే తమ్ముడు పడకేశాడు. రెండేళ్ల తరువాత ఇద్దరికీ మశూచి సోకింది. పిల్లల వైద్యుడిగా ఆ యాత్రల చరిత్ర చదివితే నాకు సంగీతం కన్నా జ్వరాలే ఎక్కువ కనిపిస్తాయి. పెళ్లీడు వచ్చిందని 1769 తరువాత ఆమెను యాత్రలకు తీసుకువెళ్లడం మానేశారు. కనుక తండ్రి పట్టుదల ఒక్కటే మొజార్ట్‌ను తయారుచేసిందని చెప్పడానికి ఆ ఇంటి కథే ఒప్పుకోదు. మరో పాశ్చాత్య సంగీతకారుడు బేథోవెన్ తండ్రి అయితే 1778లో కొలోన్ నగరంలో కచేరీ పెట్టి, ఏడేళ్ల కొడుకును ఆరేళ్లవాడని ప్రకటించాడు. పిల్లవాడి ప్రతిభ చాలక వయసును కూడా తగ్గించి అమ్ముకోవాలనిపించిన తండ్రులు అప్పుడూ ఉన్నారు.

ఇంకా దగ్గరి కాలానికి వస్తే, అమెరికాలో 1925లో పుట్టిన పియానో విద్వాంసురాలు రూత్ స్లెంచిన్‌స్కా ఆరేళ్లకే బెర్లిన్‌లో కచేరీ చేసింది. తండ్రి రోజుకు తొమ్మిది గంటలు సాధన చేయించేవాడని, తప్పు స్వరం పడితే చెంప దెబ్బ పడేదని ఆమే పెద్దయ్యాక రాసుకుంది. పదిహేనేళ్ల వయసులో వేదిక వదిలి వెళ్లిపోయింది. ఆ తరువాత కొన్నేళ్లకు తన ఇష్టంతో తిరిగి వచ్చి, 2022లో 97 ఏళ్ల వయసులో కొత్త రికార్డింగు విడుదల చేసింది. ఆ ప్రతిభ తండ్రి పెట్టిన భిక్ష అయితే, ఆయన నీడ దాటాక మిగిలేది కాదు. చైనాలో పుట్టిన పియానో విద్వాంసుడు లాంగ్ లాంగ్ కూడా తండ్రి కాఠిన్యాన్ని దాచకుండా రాసుకున్నారు. ఆయన గెలిచారు గనుక మనకు ఆ కథ తెలిసింది. అంతే కాఠిన్యం కింద నలిగి, పియానోను మళ్లీ తెరవని పిల్లల కథలు ఎవరూ అచ్చువేయరు. మీ వారు లెక్క చూసేటప్పుడు ఈ రెండో చిట్టా కూడా చూడాలి.

అంత దూరం ఎందుకు, 1930లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పుట్టిన శంకరగుప్తం మీ రాజోలు పక్కనే ఉంది. ఆయన ఎనిమిదేళ్లకే విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పూర్తి కచేరీ చేశారు. వశిష్ఠ గోదావరి దాటితే పాలకొల్లు. అక్కడ 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్‌ను తనంతట తానే చేతిలోకి తీసుకున్నాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి అతని వయసు ఇంచుమించు మీ పాప వయసే. ఈ కథలో నాకు నచ్చేది గురువు పద్ధతి. రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు, ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాద్యం మీద దారి తానే వెతుక్కునేవాడు. వెతుక్కునే పని పిల్లవాడికే వదలడం చిన్న విషయం కాదు. ఈ ఇద్దరి ఇళ్లలోనూ సంగీతం ఉంది, క్రమశిక్షణ ఉంది, తండ్రి చొరవ ఉంది. నేను క్రమశిక్షణకు వ్యతిరేకిని కాను. నాకు మా మేనమామ హార్మోనియం నేర్పబోయి ఆరు నెలలకు చేతులెత్తేశారు, అందులో ఆయన తప్పు లేదు.

పరిశోధనలు ఏమంటున్నాయో చూద్దాం. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం నుంచే "పదివేల గంటల సాధన" అన్న మాట పుట్టుకొచ్చింది. అది ఇరవయ్యేళ్ల వయసుకు ఉత్తమ విద్యార్థుల సగటు మాత్రమే, దాటితీరవలసిన గీత కాదు. వారిలో చాలామంది చిన్నతనంలో వారానికి కొద్ది గంటల సాధనతోనే మొదలుపెట్టారు, పెద్దయ్యాక కూడా మధ్యాహ్నం కునుకు తీసేవారు. ఈ రెండో సంగతి ఎవరూ చెప్పరు. 2014లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కిస్తే, సంగీతంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సాధన వివరించగలిగింది అయిదో వంతుకు కాస్త పైన. అదే ఏడాది స్వీడన్‌లో కవలల మీద జరిగిన అధ్యయనం, సాధన చేయాలన్న మొగ్గు కూడా కొంత పుట్టుకతోనే వస్తుందని తేల్చింది.

కనుక అమ్మా, "ప్రతిభా, ఒత్తిడా" అన్న మీ ప్రశ్నలో ఆ రెండూ ఒకదానికొకటి ఎదురైనవన్న భావం ఉంది, నేను దాన్ని ఒప్పుకోను. ప్రతిభ లేని పిల్లల మీద ఈ స్థాయి ఒత్తిడి ఎవరూ పెట్టరు, రెండు నెలలకే విసుగొచ్చి వదిలేస్తారు. ఒత్తిడి పడేదే ప్రతిభ ఉన్న పిల్లల మీద. మీ పాపకు ప్రతిభ ఉన్నదనడానికి నాకు డిస్టింక్షన్లు అక్కరలేదు, పడవ ఇంజను చాలు. చెవిన పడిన చప్పుడులో స్వరం వెతికి, ఎవరూ అడగకుండా దాన్ని వేళ్ల మీదకు తెచ్చుకుని నవ్వుకునే బిడ్డకు సంగీతం లోపలే ఉంది. మీ వారు ఆ మాట వరకు సరిగ్గానే కనిపెట్టారు. మీ అత్తగారు కడుపునొప్పిని సరిగ్గానే కనిపెట్టారు. ఇద్దరూ ఒకే బిడ్డను చెరో గది నుంచి చూస్తున్నారు.

మాన్పించవద్దు. ఒక్కసారిగా మాన్పిస్తే పాప దాన్ని శిక్షగానే తీసుకుంటుంది, కడుపునొప్పి చెప్పినందుకు పియానో పోయిందనుకుంటుంది. ఆ తరువాత ఏ నొప్పీ మీకు చెప్పదు. బడి నుంచి వచ్చాక ముందు గంటసేపు ఆరుబయట ఆటలకు వదలండి, ఆ తరువాత మధ్యలో విరామంతో గంట సాధన చాలు. ఏ పాఠంతో మొదలుపెట్టాలో పాపనే చెప్పనివ్వండి. వచ్చే నెల పరీక్షను వాయిదా వేయండి. గ్రేడు పరీక్షలకు వయసు గీత లేదు, ఆరు నెలల తరువాత రాసినా సర్టిఫికెట్టు మీద అవే అక్షరాలుంటాయి.

కష్టమైన పని మీ వారితో మాట్లాడడం. సముద్రం అవతల ఉన్న తండ్రికి బిడ్డతో మిగిలిన బంధం రాత్రి తొమ్మిదిన్నర కాల్ ఒక్కటే. అది ఇప్పుడు పరీక్ష హాలుగా మారింది. దాన్ని పీకేయమని నేను చెప్పడం లేదు. కువైట్‌లో శుక్రవారం సెలవు కదా, ఆ సాయంత్రం మన వేళ ఏడింటికి వినమనండి, తప్పులు దిద్దే పని టీచరుకు వదిలేయమనండి. మిగతా రోజుల్లో ఎనిమిదిన్నర లోపు పది నిమిషాలు మాట్లాడుకోనివ్వండి, బడి గురించి, చేపల కూర గురించి, దేని గురించైనా, పియానో తప్ప. ఈ జవాబు ఆయనకు పంపించండి. నా మీద కోపం వస్తే నాకే రాయమనండి.

ఇవన్నీ మార్చిన నాలుగైదు వారాలకు నొప్పి తగ్గుముఖం పట్టాలి. తగ్గకపోయినా, పాప బడికే వెళ్లనని మొండికేసినా, జుట్టు పీక్కుంటున్నా, మానిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట ఒక్కసారి అన్నా పిల్లల మానసిక వైద్యులను కలవాలి. రాజమహేంద్రవరం, కాకినాడ దాకా వెళ్లేలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416 నంబరుకు ఎప్పుడు చేసినా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

ఆ వీడియో మాత్రం తీయకండి, వాళ్ల నాన్నకు చూపించడానికైనా సరే. సందెవేళ పాప కూర్చున్నప్పుడు మీరు వంటింట్లో మీ పని చేసుకుంటూ ఉండండి. ఏదో ఒక రోజు తనే "అమ్మా, ఇది ఏ చప్పుడో చెప్పు" అని పిలుస్తుంది. అప్పుడు వెళ్లి, పడవో కప్పో మీకు తోచింది చెప్పండి.