ఒక్క ఆక్స్ సాకెట్, మూడు పరికరాలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఆంప్లిఫయర్‌కు ఆక్స్ సాకెట్ ఒక్కటే ఉంది. సెట్‌టాప్ బాక్స్, ల్యాప్‌టాప్, ఫోన్ మూడూ దానికే పెట్టాలి. ఊకె వైర్లు పీకి పెట్టలేక రెండిటిని వై కేబుల్‌తో కలిపాను. సౌండ్ తగ్గింది, పైగా పగిలినట్టు వస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: వై కేబుల్ ఒక అవుట్‌పుట్‌ను రెండు చోట్లకు పంచడానికే పనికొస్తుంది. రెండు అవుట్‌పుట్‌లను కలపడానికి పనికిరాదు. ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) సాధారణంగా 22 నుంచి 47 కిలో ఓమ్స్ దాకా ఉంటుంది. పరికరాల అవుట్‌పుట్ ఇంపిడెన్స్ చాలావరకు ఒక కిలో ఓమ్ లోపే. నేరుగా కలిపితే ల్యాప్‌టాప్ సిగ్నల్‌లో ఎక్కువ భాగం ఆంప్లిఫయర్‌కు చేరకుండా సెట్‌టాప్ బాక్స్ అవుట్‌పుట్‌లోకి పోతుంది. సౌండ్ తగ్గేది అందుకే. అంత లోడ్‌ను అవుట్‌పుట్ ఐసీ మోయలేదు కాబట్టి పగులుతుంది. అలాగే వాడుతూ పోతే ఐసీ దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది, ఆ కేబుల్‌ను వెంటనే తీసేయండి.

కొత్తది కట్టే ముందు ఒకటి తేల్చుకోండి: మూడూ ఒకేసారి వినపడాలా? అక్కర్లేదంటే సెలెక్టర్ స్విచ్ పెట్టుకోవడమే అన్నిటికన్నా మంచిది. లెఫ్ట్, రైట్ రెండూ కలిసి మారాలి కనుక టూ పోల్, త్రీ వే రోటరీ స్విచ్ తీసుకోండి. దాంతో సౌండ్ కొంచెం కూడా తగ్గదు. చాలా ఇళ్లకు ఇది సరిపోతుంది. టీవీ నడుస్తుండగా ల్యాప్‌టాప్ సౌండ్ కూడా రావాలనుకుంటేనే మిక్సింగ్ అవసరం.

అప్పుడు 10 కిలో ఓమ్స్, పావు వాట్ రెసిస్టర్లు 6 కావాలి. ఒక్కో పరికరానికి లెఫ్ట్‌కు ఒకటి, రైట్‌కు ఒకటి. 1 శాతం మెటల్ ఫిల్మ్ రకం తీసుకుంటే రెండు చానళ్లూ సమానంగా వస్తాయి. వాటి మీద రంగులు గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, గోధుమ వరుసలో ఉంటాయి. ఇంకా 8 ఆర్‌సీఏ సాకెట్లు (లెఫ్ట్‌కు తెల్లవి 4, రైట్‌కు ఎర్రవి 4), ఒక చిన్న రేకు డబ్బా. వరంగల్‌లో విడిభాగాల షాపుల్లో దొరక్కపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో చూడండి.

మూడు తెల్ల సాకెట్ల మధ్య పిన్నులకు ఒక్కో రెసిస్టర్ టంకం పెట్టండి. వాటి రెండో కొసలు మూడూ ఒకచోట కలిపి అవుట్‌పుట్ తెల్ల సాకెట్ మధ్య పిన్నుకు ఇవ్వండి. ఎర్రవాటికీ ఇదే పద్ధతి. గ్రౌండ్‌లన్నీ ఒకదానికొకటి కలిపి, డబ్బా రేకుకు కూడా కలపండి. రేకు డబ్బా బయటి రొదను లోపలికి రానివ్వదు. ప్లాస్టిక్ డబ్బాకు ఆ గుణం లేదు.

ఏ వైరూ పెట్టకముందే మల్టీమీటర్‌తో చూసుకోండి. ఇన్‌పుట్ తెలుపు నుంచి అవుట్‌పుట్ తెలుపుకు 10 కిలో ఓమ్స్, ఒక ఇన్‌పుట్ తెలుపు నుంచి ఇంకో ఇన్‌పుట్ తెలుపుకు 20 కిలో ఓమ్స్ చూపాలి. తెలుపు నుంచి ఎరుపుకు, తెలుపు నుంచి గ్రౌండ్‌కు ఏ రీడింగూ రాకూడదు. తెలుపు, ఎరుపు మధ్య రీడింగ్ వస్తే టంకం ఎక్కడో రెండిటినీ అంటుకుంది. అలాగే వదిలేస్తే స్టీరియో కాస్తా మోనో అవుతుంది.

మూడూ కలిపాక ఒక్కోదాని సౌండ్ దాదాపు 10 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇది లోపం కాదు, రెసిస్టర్ల పద్ధతికి అయ్యే ఖర్చే అది. ఆంప్లిఫయర్ వాల్యూమ్ పెంచుకుంటే సరి. ఆ తగ్గుదల కూడా వద్దనుకుంటే టీఎల్ 072 లేదా ఎన్ఈ 5532 ఐసీతో సమ్మింగ్ మిక్సర్ (సిగ్నళ్లను తగ్గించకుండా కలిపే సర్క్యూట్) కట్టాలి, దానికి వేరే పవర్ సప్లై ఉండాలి. ఇంటి వరకైతే ముందు రెసిస్టర్ల డబ్బాతోనే చూడండి. ఫోన్‌కు మూడు కాంటాక్టుల 3.5 ఎంఎం పిన్ను వాడండి: కొస లెఫ్ట్, మధ్య రింగు రైట్, కింది భాగం గ్రౌండ్.

ప్రశ్న: డబ్బా కట్టుకున్నాను, బాగానే ఉంది. కానీ ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే గుయ్యిమని హమ్మింగ్ వస్తోంది.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. హమ్మింగ్ ఆగిందంటే అది గ్రౌండ్ లూప్. చార్జర్ మూడో పిన్ను ద్వారా ఒక గ్రౌండ్, ఆంప్లిఫయర్ ద్వారా ఇంకో గ్రౌండ్ కలిసి, ఆ చుట్టులో 50 హెర్ట్జ్ కరెంటు తిరుగుతుంది. కేబుల్ టీవీ వైరు పై జాలీ వల్ల కూడా ఇదే జరగొచ్చు. ఆ వైరును సెట్‌టాప్ బాక్స్ నుంచి విప్పి చూస్తే తెలిసిపోతుంది.

దీనికి 1:1 ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. షాపులో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని అడగండి. దాన్ని ల్యాప్‌టాప్‌కూ డబ్బాకూ మధ్య పెట్టండి. డబ్బా తర్వాత పెడితే రెసిస్టర్ల ఇంపిడెన్స్ ముందు ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సరిగా పనిచేయదు, బేస్ పోతుంది.

ఎర్త్ పిన్ను విరగ్గొట్టి హమ్మింగ్ తగ్గించుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. లోపల ఎక్కడైనా షార్ట్ అయితే ఆంప్లిఫయర్ రేకు మీదికి 230 వోల్టులు వస్తాయి. ఇంట్లో పిల్లలు కూడా దాన్ని ముట్టుకుంటారు.

ప్రశ్న: బతుకమ్మకు మా వాడలో ఫోన్‌లో పాటలు పెట్టి, మైకులో కూడా పాడాలనుకుంటున్నాం. ఇదే డబ్బాకు మైకు పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, జమ్మికుంట

జవాబు: పెట్టినా వినపడదు. ఫోన్ ఇచ్చేది అర వోల్టు, ఒక వోల్టు దాకా ఉంటే మైకు ఇచ్చేది కొన్ని మిల్లీ వోల్టులే. రెసిస్టర్లు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. మైకుకు ప్రీఆంప్ (చిన్న సిగ్నల్‌ను ముందే పెంచేది) తప్పనిసరి. మైక్ సాకెట్ ఉన్న ఆంప్లిఫయర్ అయితే లోపలే కలుపుతుంది, లేదంటే నాలుగు చానళ్ల చిన్న మిక్సర్ చాలు. మైకును మైక్ సాకెట్‌కు, ఫోన్‌ను స్టీరియో లైన్ సాకెట్‌కు ఇవ్వండి. గెయిన్ (మైకు సిగ్నల్‌ను ఎంత పెంచాలో చూసే నాబ్) పూర్తిగా తగ్గించి, పాడేవాళ్లు గట్టిగా పాడుతుండగా మెల్లగా పెంచండి. పీక్ లైటు ఎర్రగా వెలిగిన చోట కొంచెం వెనక్కి తిప్పండి. స్పీకర్లు మైకుకు ముందుండాలి, మొహం జనం వైపు ఉండాలి. మైకు వెనక ఉంటే కూత పెడతాయి.

ప్రశ్న: మా కొత్త టీవీకి ఆప్టికల్ అవుట్ తప్ప వేరే ఆడియో అవుట్ లేదు.
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: అది డిజిటల్, రెసిస్టర్లతో కలవదు. డిజిటల్ నుంచి అనలాగ్‌కు మార్చే చిన్న కన్వర్టర్ కొని, దాని ఆర్‌సీఏ అవుట్‌ను డబ్బాకు ఇవ్వండి. టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ సౌండ్ అవుట్‌ను పీసీఎంకు (కుదించని మామూలు డిజిటల్ సౌండ్) మార్చండి. డాల్బీలో ఉంచితే మామూలు కన్వర్టర్ నుంచి శబ్దమే రాదు, లేదా ఉత్త గరగర వస్తుంది.