కుందేలుకి క్యారెట్టు, గినీ పిగ్‌కి బిస్కెట్టు... మరి గడ్డి ఏదమ్మా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాప ఏడో తరగతి. దసరా సెలవుల్లో మారాం చేస్తే ఒక తెల్ల కుందేలు, రెండు గినీ పిగ్స్ కొన్నాం. మూడిటికీ ఒకటే బోను. షాపతను ఇచ్చిన కుందేలు పెల్లెట్స్ (గుళికల మేత) గిన్నె నిండా పోస్తాం, క్యారెట్ రోజూ పెడతాం, క్యాబేజీ, అప్పుడప్పుడు బిస్కెట్, కొంచెం అన్నం కూడా. కుందేలుకి నీళ్లు పెడితే చనిపోతుందని మా అత్తయ్య అంటే నీళ్లు మానేశాం. ఈ మధ్య కుందేలు వెనకవైపు మెత్తగా అంటుకుని వాసన వస్తోంది. ఒక గినీ పిగ్ వారం నుంచి సరిగా నడవట్లేదు, పట్టుకుంటే అరుస్తోంది, బొచ్చు కూడా గరుగ్గా అయింది. మెడికల్ షాపులో అడిగితే చిన్నపిల్లల యాంటీబయాటిక్ సిరప్ రెండు చుక్కలు వెయ్యమన్నారు. వెయ్యొచ్చా? అసలు వీటికి ఏం పెట్టాలి?
- ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: అమ్మా, ముందు ఆ సిరప్ సీసా మూత పెట్టి పక్కన పెట్టేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. పిల్లలకి జలుబు దగ్గుకి రాసే అమోక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు కుందేలుకి, గినీ పిగ్‌కి నోట్లో వేస్తే పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, చెడ్డవి పెరిగి విషం తయారుచేస్తాయి, విరేచనాలు పట్టుకుని రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. కుక్కకి పనిచేసింది కదా, పిల్లాడికి పనిచేసింది కదా అని వీటికి వెయ్యడానికి లేదు. వీటికి వాడగలిగే యాంటీబయాటిక్స్ వేరే ఉన్నాయి, అవి కూడా చూసి రాయాల్సినవే.

ఇక నడవని గినీ పిగ్ సంగతి. మీరు రాసినవన్నీ కలిపి చూస్తే, అంటే నడవకపోవడం, ముట్టుకుంటే అరవడం, బొచ్చు గరుకు, పైగా తింటున్నది కుందేలు పెల్లెట్స్, నాకు మొదట వచ్చే అనుమానం విటమిన్ సి లోపం. స్కర్వీ అంటారు, పాత రోజుల్లో నెలల తరబడి సముద్రం మీద తిరిగే ఓడ మనుషులకి చిగుళ్లు వాచి రక్తం కారేది చూడండి, అదే జబ్బు. కుందేలు తనకి కావాల్సిన విటమిన్ సి తన ఒంట్లోనే తయారుచేసుకుంటుంది, గినీ పిగ్‌కి ఆ శక్తి లేదు, అచ్చం మనలాగే రోజూ తిండిలోంచే రావాలి. రాకపోతే కీళ్ల దగ్గర లోపల రక్తం చిమ్మి వాచిపోతాయి, అందుకే అడుగు వెయ్యదు, ఎత్తుకుంటే కేక పెడుతుంది. అయితే ఎక్కడైనా పడి ఎముక విరిగినా, పళ్ల బాధతో తిండి తగ్గినా ఇలాగే నీరసంగా మూల కూర్చుంటుంది కాబట్టి ఇది చదివి ఇంట్లోనే తేల్చుకోకండి, రేపటి లోపల వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. కుక్కలు పిల్లులు మాత్రమే చూసేవాళ్లు ఉంటారు, ముందే ఫోన్ చేసి గినీ పిగ్స్ చూస్తారా అని అడిగి వెళ్లండి.

ఆరోగ్యంగా ఉన్న గినీ పిగ్‌కి రోజుకి కేజీ బరువుకి 10 నుంచి 30 మిల్లీగ్రాముల విటమిన్ సి సరిపోతుంది, కడుపుతో ఉన్నదానికి ఆ పై లెక్కే కావాలి. జబ్బు పడ్డదానికి డోసు చాలా ఎక్కువ ఉంటుంది, అది డాక్టర్ చెప్తారు. మామూలు రోజుల్లో దీనికి మందులేం అక్కర్లేదు, క్యాప్సికం చాలు. వంద గ్రాముల పచ్చ క్యాప్సికంలో సుమారు 80 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే కాయలో పావు ముక్క కోసి ఇస్తే ఒక గినీ పిగ్‌కి ఆ రోజుకి అయిపోయినట్టే, ఎర్రదయితే ఇంకా ఎక్కువ. జామకాయలో పచ్చ క్యాప్సికం కంటే రెట్టింపు పైనే ఉంటుంది కానీ తీపి, కాబట్టి గింజలు తీసేసి బొటనవేలి గోరంత ముక్క, అదీ వారానికి రెండు మూడు సార్లే. కొంతమంది నీళ్ల సీసాలో విటమిన్ సి చుక్కలు కలుపుతారు, వెలుతురుకి అది గంటల్లోనే పాడవుతుంది, రుచి మారిందని నీళ్లు తాగడం మానేస్తే అదింకో తలనొప్పి. గినీ పిగ్ కోసమని ప్రత్యేకంగా తయారుచేసిన పెల్లెట్స్‌లో విటమిన్ సి కలుపుతారు గానీ ప్యాకెట్ మీద తయారీ తేదీ చూసి కొనండి, మూడు నెలలు దాటితే అందులో సి పెద్దగా మిగలదు. మీ షాపతను ఇచ్చిన కుందేలు పెల్లెట్స్‌లో అది కలపరు, కుందేలుకి అవసరం లేదు కాబట్టి.

ఇప్పుడు కుందేలు. వెనకవైపు అంటుకుంటోంది అన్నారు, అది విరేచనం కాకపోవచ్చు. కుందేలు రెండు రకాలుగా వేస్తుంది, ఇది చాలామందికి తెలీదు. పగలంతా బోనులో కనిపించే గుండ్రటి గట్టి పెంటికలు ఒక రకం, రోజుకి రెండు మూడొందలు వేస్తుంది, చేత్తో నలిపితే లోపల రంపప్పొట్టులా గడ్డి పీచు కనిపిస్తుంది. రెండోది ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున వేసేది, మెత్తగా నల్లద్రాక్ష చిన్న గుత్తిలా జిగురుగా ఉంటుంది, దాన్ని మనకి కనపడనివ్వకుండా ఒంగి నేరుగా నోటితో తీసుకుని మింగేస్తుంది. ఛీ అనుకోకండి, పేగుల్లో బ్యాక్టీరియా తయారుచేసిన బి విటమిన్లు, ప్రొటీన్ అందులోనే ఉంటాయి, రెండోసారి తింటేనే అవి దాని ఒంటికి పడతాయి. గిన్నె నిండా పెల్లెట్స్, క్యారెట్, బిస్కెట్ తిని కడుపు నిండిపోయిన కుందేలు ఈ మెత్తటిదాన్ని తినదు, లేదా అది మరీ పేస్టులా వచ్చి వెనక బొచ్చుకి అంటుకుంటుంది. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే అనుకుంటున్నా. అలాగే వదిలేస్తే ఎండాకాలం ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడతాయి, అందుకని స్నానం చేయించకుండా గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డతో ఆ భాగం ఒక్కటి తుడిచి బాగా ఆరబెట్టండి. పూర్తిగా నీళ్లలా పోతుంటే మాత్రం అది వేరే కేసు, గినీ పిగ్‌తో పాటే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మీరు అంత పెద్ద ప్రశ్న రాశారు, గడ్డి అన్న మాట ఎక్కడా లేదు. అసలు తిండే అది. కుందేలు గానీ గినీ పిగ్ గానీ తినేదాంట్లో నూటికి ఎనభై పాళ్లు గడ్డే ఉండాలి, రోజుకి దాని ఒళ్లంత కుప్ప, ఇరవై నాలుగ్గంటలూ బోనులో ఉండాలి, అయిపోకూడదు. ఎందుకంటే వీటి పళ్లు మన పళ్లలా ఒకచోట ఆగవు, బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, కుందేలు ముందు పళ్లు వారానికి 2 మిల్లీమీటర్లు అలా పెరుగుతాయి, గడ్డి పరకని అటూ ఇటూ దవడ తిప్పుతూ నమిలితేనే వెనక పళ్లు సమంగా అరుగుతాయి. క్యారెట్ గట్టిగా ఉంది కదా అరుగుతాయిలే అంటారు, లేదు, నాలుగు కొరుకులకి అది అయిపోతుంది. ఒకసారి నా దగ్గరికి ఒకాయన కుందేలుని తెచ్చాడు, తినట్లేదు సార్, చొంగ కారుస్తోంది అని. రెండేళ్లుగా నానబెట్టిన అటుకులు, అరటిపండు మీద పెంచారు, నోరు తెరిచి లైటు వేస్తే వెనక పన్ను సూదిలా పెరిగి నాలుక పక్క గీసేస్తోంది, పుండు పడింది. మత్తు ఇచ్చి అరగదీశాం, బతికింది, కానీ ఆ పన్ను ఇక వంకరే, కొన్ని నెలలకోసారి మళ్లీ అదే పని.

గడ్డి అంటే ఏ గడ్డి అంటారు. పెట్ షాపుల్లో, ఆన్‌లైన్లో టిమోతీ హే అని విదేశాల నుంచి వచ్చే ఎండుగడ్డి ప్యాకెట్లు దొరుకుతాయి, మంచిదే, రేటు మాత్రం మధ్యతరగతి ఇంటికి నెలనెలా భారమే. ఓట్స్ గడ్డి దొరికితే అదీ బాగుంటుంది. ఇవేవీ కుదరకపోతే మన గరిక ఉంది కదా, వినాయక చవితికి కట్టలు కట్టి అమ్మే గరికే, కుందేలు ప్రాణం పెడుతుంది, గినీ పిగ్ కూడా అంతే. పచ్చిది పెట్టొచ్చు, నీడలో ఆరబెట్టి దాచి పెట్టొచ్చు, ఆరిన గడ్డి పచ్చగా మంచి వాసన రావాలి, తెల్లగా బూజు వాసన వస్తే పారేయండి. రోడ్డు పక్కది, కుక్కలు తిరిగే పార్కుది, మందు కొట్టిన పొలం గట్టుది వద్దు. లాన్ మెషిన్‌తో కోసిన గడ్డి కుప్పలో లోపల వేడెక్కి పులుస్తుంది, అదీ వద్దు. కోసేటప్పుడు గన్నేరు ఆకు కలవకుండా చూసుకోండి, అది గట్టి విషం. ఊరి నుంచి ఎవరైనా లేత జొన్న చొప్ప తెచ్చిస్తే తీసుకోకండి, నాము, అంటే లేత జొన్న పిలకలు, తిని గొర్రెలు పోతాయని మీ ఊళ్లో పెద్దవాళ్లని అడిగితే చెప్తారు, లేత జొన్నలో సైనైడ్ విషం ఉంటుంది. వరిగడ్డి పడుకోడానికి పక్కలా వేయండి, కొరికినా పర్లేదు, అదే తిండి అనుకుంటే మాత్రం బలం చాలదు. లూసర్న్ అని పాడి పశువులకి వేసేది ఉంది చూడండి, అది పిల్లలకి ఆరు నెలల దాకా, కడుపుతో ఉన్నవాటికీ బాగుంటుంది, పెద్దవాటికి రోజూ వేస్తే అందులో ఉన్న కాల్షియం ఎక్కువై మూత్రంలో సున్నంలా దిగి రాళ్లు కడుతుంది.

పెల్లెట్స్ గిన్నె నింపడం ఇక ఆపేద్దాం, ఒక్కసారిగా కాదు, మెల్లగా. మీ కుందేలు 2 కేజీలుంటే రోజుకి 50 గ్రాములు మించకూడదు, గినీ పిగ్‌కి దాని పెల్లెట్సే ఒక పెద్ద స్పూను. ఇంకోటి, కుందేలు ఫామ్‌ల కోసం తయారయ్యే పెల్లెట్ త్వరగా బరువు పెరగడానికి చేసింది, మాంసం లెక్క అది, మీ పాప ఒళ్లో ఎనిమిది పదేళ్లు ఉండాల్సిన కుందేలుకి పనికిరాదు. రంగురంగుల గింజలు, ఎండు పండ్లు కలిపిన మిక్స్ ప్యాకెట్లు అసలే కొనకండి, తీపి గింజలు ఏరుకుని మిగతాది వదిలేస్తుంది, మన పిల్లలు మిక్చర్లో పల్లీలు ఏరుకున్నట్టు.

ఆకుకూరల్లో కొత్తిమీర, పుదీనా, మెంతికూర, ముల్లంగి ఆకులు, క్యారెట్ పైన ఉండే ఆకులు బాగుంటాయి. క్యారెట్ కొనేటప్పుడు షాపువాడు తుంచి పారేసే ఆకులే అడిగి తెచ్చుకోండి, దుంప కంటే అవే మేలు. రోజుకి రెండు మూడు రకాలు కలిపి, కుందేలుకి రెండు కప్పులు, గినీ పిగ్‌కి కప్పు, కడిగి నీళ్లు ఓడ్చి పెట్టండి. పాలకూర, తోటకూరలో ఆక్సలేట్లు (రాళ్లకి కారణమయ్యే లవణాలు) ఎక్కువ, వారానికి ఒకట్రెండు సార్లు చాలు. మునగాకు బలమే కానీ కాల్షియం ఎక్కువ, ఎప్పుడైనా చిన్న రెమ్మ. క్యాబేజీ ఒక్కోదానికి గ్యాస్ పట్టిస్తుంది, ఆకులో చిన్న ముక్కతో ఆపండి. క్యారెట్ అయితే రెండు మూడు రోజులకోసారి వేలెడు ముక్క, ఆపిల్ అయినా అంతే. కార్టూన్లలో తప్ప కుందేలు క్యారెట్ మీద బతకదు.

అన్నం, చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్, శనగలు, ఆలుగడ్డ, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, అవకాడో, ఇవేవీ వద్దు.

నీళ్ల విషయంలో మీ అత్తగారి మాట చాలా ఇళ్లల్లో వింటుంటా. పచ్చి ఆకులు దండిగా తినే కుందేలు నీళ్లు తక్కువ తాగుతుంది, దాన్ని చూసి ఎవరో అలా అనుంటారు. నిజానికి 2 కేజీల కుందేలు రోజుకి 100 నుంచి 300 మిల్లీలీటర్లు తాగుతుంది, నీళ్లు లేకపోతే లోపల తిన్నది గట్టిపడి పేగు కదలిక ఆగుతుంది, వరంగల్ ఎండల్లో అయితే ఇక చెప్పక్కర్లేదు. పెద్దావిడని నొప్పించకుండా, డాక్టర్ చెప్పాడని నా మీద పెట్టేసి ఇవాళే ఒక బరువైన గిన్నెలో నీళ్లు పెట్టండి, మట్టి మూకుడు అయితే తిరగబడదు.

బోను కూడా వేరు చేసేయండి. తిండి లెక్కలు వేరు అన్నది ఒకటి, కుందేలు వెనక కాళ్లతో ఒక్క తన్ను తంతే గినీ పిగ్ పక్కటెముక విరుగుతుంది, పైగా కుందేలు ముక్కులో దానికేం చెయ్యకుండా ఉండే ఒక బ్యాక్టీరియా గినీ పిగ్‌కి న్యుమోనియా తెప్పిస్తుంది. గినీ పిగ్స్ రెండూ మాత్రం కలిసే ఉండాలి, ఒంటరిగా ఉంటే దిగులు పడతాయి.

ఈ మార్పులన్నీ పది పదిహేను రోజుల మీద చేయండి. గడ్డి, నీళ్లు ఈ రోజు నుంచే, పెల్లెట్స్ రోజుకి కాస్త తగ్గిస్తూ, కొత్త ఆకు ఒక్కోటి రెండు రోజులు చూసి ఇంకోటి. గినీ పిగ్స్ చిన్నప్పుడు ఏం తిన్నాయో అదే తిండి అనుకుంటాయి, క్యాప్సికం మొదట మూడు రోజులు వాసన చూసి వదిలేస్తాయి, పట్టు వదలకండి, వారం పోయాక కవర్ చప్పుడైతే చాలు ఈల వేసి గోల చేస్తాయి. కుందేలు గడ్డి ముట్టట్లేదని పంతానికి పోయి ఆకలితో మాడ్చకండి మళ్లీ, ఎందుకంటే ఈ రెండు జాతులూ పన్నెండు గంటలు ఏమీ తినకపోతే, పెంటికలు ఆగిపోతే, చిన్నగా వేస్తుంటే అది ఎమర్జెన్సీ, తెల్లారాక చూద్దాం అనుకోడానికి లేదు. వంటింట్లో తూకం మిషన్ ఉంటే మీ పాపతోనే ప్రతి ఆదివారం మూడిటి బరువు నోట్‌బుక్‌లో రాయించండి, కళ్లకి కనిపించేలోపు అంకెల్లో తెలిసిపోతుంది.

రేపు ఆస్పత్రికి వెళ్లేటప్పుడు బాగున్న గినీ పిగ్‌ని కూడా అదే బుట్టలో తీసుకెళ్లండి, ఇన్నాళ్లూ అదీ ఇదే తిండి తింది కదా. ఆ పెల్లెట్స్ ప్యాకెట్, ఒక కాగితంలో కుందేలు ఈ రోజు వేసిన పెంటికలు కొన్ని పొట్లం కట్టుకుని వెళ్తే డాక్టర్‌కి పని సులువవుతుంది.