అక్కి టీకా వేయిస్తే మతిమరుపు తగ్గుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. నాన్న పోయాక పలమనేరు దగ్గర మా ఊళ్లో ఆవులను అమ్మేసి, రెండేళ్లుగా తిరుపతిలో మా దగ్గరే ఉంటోంది. ఇక్కడికి రావడానికి కొద్ది నెలల ముందు ఆమెకు నడుముకు ఎడమవైపున అక్కి లేచింది. ఊళ్లో కావిమన్నుతో అక్కి రాయించారు. పొక్కులు మాడిపోయాయి గానీ మంట పోలేదు. దానికి ఒక డాక్టరు రాసిచ్చిన మాత్రను ఇప్పటికీ రోజూ రాత్రి వేసుకుంటోంది. ఏడాదిగా మనుషుల పేర్లు మరచిపోతోంది, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతోంది. అక్కి టీకా వేయించుకున్నవారిలో మతిమరుపు జబ్బు తక్కువగా వస్తుందని పరిశోధనలో తేలినట్లు ఈమధ్య చదివాను. ఖరీదైనా సరే, వేయిద్దామనుకుంటున్నాము. ఆ మాట నిజమేనా? వేయిస్తే అమ్మకు మతిమరుపు తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీరు చదివిన వార్త నిజమే. గత కొన్నేళ్లలో మతిమరుపు జబ్బు గురించి వెలువడిన పరిశోధనల్లో నాకు అన్నిటికన్నా నమ్మదగినదిగా తోచినవాటిలో అదొకటి. అయితే ఆ పరిశోధన తేల్చింది ఒకటి, మీరు అడుగుతున్నది మరొకటి. జబ్బు లేనివారిలో అది కొత్తగా రావడం తగ్గిందా అన్నది అక్కడి ప్రశ్న. ఇప్పటికే మరచిపోతున్న మనిషికి జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందా అన్నది మీ ప్రశ్న. మీ అమ్మగారి విషయంలో టీకా కంటే ముందుగా చూడవలసినది మీ ఉత్తరంలోనే ఒక వాక్యంలో ఉంది. ఆమె రోజూ రాత్రి వేసుకుంటున్న ఆ మాత్ర సంగతి కాస్త కిందికి వెళ్లాక వివరంగా చెబుతాను.

మొదట అక్కి గురించి. చిన్నతనంలో ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లోకి చేరిన వైరస్, పొక్కులు మానిపోయినా మనల్ని వదలిపెట్టదు. వెన్నుపాము పక్కనున్న నరాల ముడుల్లో దశాబ్దాల తరబడి నిద్రాణంగా ఉండి, వయసు మీరి రోగనిరోధక శక్తి సడలినప్పుడు ఒక నరం వెంబడి బయటికి వస్తుంది. అందుకే అక్కి ఒంటికి ఒకవైపున మాత్రమే, పట్టీ కట్టినట్లు లేస్తుంది. కుమ్మరి చేత కావితో సింహం బొమ్మ రాయించడం మన జిల్లాలోనూ సరిహద్దుకు అవతల తమిళ ఊళ్లలోనూ తరతరాలుగా ఉన్న ఆచారం. దాని మీద నాకు కోపం లేదు; అప్పటికి మంట కాస్త చల్లబడి మనిషికి ధైర్యం కలుగుతుంది. నా బాధల్లా ఆ రెండు మూడు రోజులు చేజారిపోవడం గురించే. పొక్కులు కనిపించిన 72 గంటలలోపు ఎసైక్లోవిర్ వంటి వైరస్ మందు మొదలుపెడితే జబ్బు తొందరగా అణుగుతుంది, తొలినాళ్ల నొప్పి తగ్గుతుంది. కంటి చుట్టూ గాని ముక్కు మీద గాని అక్కి లేస్తే చూపుకే ముప్పు రావచ్చు కనుక ఒక్క పూట కూడా ఆగకూడదు.

ఇక మీరు చదివిన పరిశోధన. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో 2013 సెప్టెంబరు 1న వృద్ధులకు ప్రభుత్వం తరఫున అక్కి టీకా వేయడం ప్రారంభించినప్పుడు వయసును బట్టి ఒక గీత గీశారు. 1933 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి టీకా అందింది. అంతకు ముందు పుట్టినవారికి ఎప్పటికీ అందలేదు. మన దగ్గర వృద్ధాప్య పింఛనుకు 60 ఏళ్లు నిండాలన్న నియమం ఉంది కదా, ఒక వారం తేడాతో పుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్ల వంటివారిలో ఒకరికి ఈ నెల నుంచే అందుతుంది, మరొకరు ఆగాలి. అంతమాత్రాన ఆ ఇద్దరి ఆరోగ్యంలో, చదువులో, ఆస్తిలో, తిండిలో తేడా ఉండదు. వేల్స్‌లో కూడా గీతకు ఒకపక్కనున్నవారిలో దాదాపు సగం మంది టీకా వేయించుకున్నారు, మరోపక్క దాదాపు ఎవరూ వేయించుకోలేదు, మిగిలినవన్నీ సమానమే. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాస్కల్ గెల్డ్‌సెట్జర్ బృందం ఆ రెండు పక్కలవారి ఆరోగ్య రికార్డులను ఏడేళ్లపాటు పరిశీలించి, 2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. టీకా వల్ల డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, సుమారు 20 శాతం తగ్గింది. ఇంకో విధంగా చెప్పాలంటే, ఏడేళ్లలో టీకా వేయించుకున్న ప్రతి వందమందిలో ముగ్గురు నలుగురు ఆ జబ్బు నుంచి తప్పించుకున్నారు. పురుషులకన్నా స్త్రీలలో ఈ మేలు ఎక్కువగా కనిపించింది. అదే నెలలో ఆస్ట్రేలియా నుంచి ఇదే పద్ధతిలో వచ్చిన మరో పరిశోధన కూడా ఇదే దిశను చూపింది.

ఒక గీతకు అటూ ఇటూ ఉన్నవారిని పోల్చి చూసే ఈ పద్ధతి వైద్యులు కనిపెట్టినది కాదు. విద్యార్థులకు ఇచ్చే ప్రశంసా పత్రాల ప్రభావాన్ని తేల్చడానికి 1960లో అమెరికాలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీనిని ప్రతిపాదించగా, తరువాత ఆర్థికవేత్తలు అందిపుచ్చుకున్నారు. ఇటువంటి సహజ ప్రయోగాల (పరిశోధకులు ఏర్పాటు చేయకుండానే కుదిరిన పోలికల) నుంచి కార్యకారణాలను రాబట్టే విధానాలకే 2021లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, టీకా వేయించుకున్నవారిని వేయించుకోనివారితో ఊరికే పోల్చి చూస్తే మనం మోసపోతాము. తమ ఒంటి మీద శ్రద్ధ ఉన్నవారు, చదువూ డబ్బూ ఉన్నవారే ముందుగా టీకాకు వెళతారు. వారికి మతిమరుపు తక్కువగా రావడానికి ఆ శ్రద్ధే కారణం కావచ్చు. ఇటువంటి పోలికను నమ్మి వైద్యలోకం ఒకసారి పెద్ద పొరపాటే చేసింది. ముట్లుడిగిన స్త్రీలకు హార్మోన్ మాత్రలు ఇస్తే గుండెకు, మెదడుకు కూడా రక్షణ అని ఏళ్ల తరబడి అనుకున్నాము. తీరా చీటీలు తీసినట్లు స్త్రీలను రెండు జట్లుగా విడదీసి పరీక్షిస్తే, రెండు హార్మోన్లు కలిపి వాడిన 65 ఏళ్లు పైబడినవారిలో డిమెన్షియా రెట్టింపు అయినట్లు 2003లో తేలింది. ఆ తరువాత నుంచి, మేలు చేస్తుందని ఏ వార్త వచ్చినా, ఎవరిని ఎవరితో పోల్చారన్నది మొదట చూసుకోవడం నాకు అలవాటైంది. వేల్స్ పరిశోధన ఆ పరీక్షకు చాలావరకు నిలుస్తుంది.

అయినా రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. అక్కడివారు సుమారు 80 ఏళ్లవారు. వారికి వేసింది బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసిన పాత టీకా. ఇప్పుడు మన దేశంలో 50 ఏళ్లు దాటినవారికి ఇస్తున్న షింగ్రిక్స్ వేరే రకం. అందులో సజీవ వైరస్ ఉండదు, ఆ వైరస్ పైపొరలోని ఒక ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. అమెరికా ఆరోగ్య రికార్డుల ఆధారంగా ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2024లో చేసిన పోలికలో ఈ కొత్త టీకా, పాతదానికన్నా డిమెన్షియాను మరికొంత వెనక్కి నెట్టినట్లు కనిపించింది. ఇవన్నీ ఆశ కలిగించేవే గాని, వచ్చిన మతిమరుపును ఈ టీకా పోగొడుతుందని ఎవరూ నిరూపించలేదు.

ఇప్పుడు ఆ రాత్రి మాత్ర సంగతి. మీరు దాని పేరు రాయలేదు. అక్కి తగ్గాక మిగిలే నరాల మంటకు సాధారణంగా రాసేవి ఎమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ అనే మందులు. మంటకు అవి పనిచేస్తాయి, రాసిన వైద్యుణ్ణి తప్పు పట్టవలసిన పనిలేదు. కాని ఎమిట్రిప్టిలిన్‌కు ఒక గుణం ఉంది. మెదడులో జ్ఞాపకాన్ని నిలిపే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పని చేయకుండా అది అడ్డుపడుతుంది. అల్జీమర్స్ జబ్బులో తగ్గిపోయేది కూడా ఆ రసాయనమే. ఆ జబ్బుకు ఇచ్చే డోనెపెజిల్ మాత్ర చేసే పనల్లా దానిని కాస్త నిలబెట్టడమే. అంటే వృద్ధులకు ఒక చేత్తో జ్ఞాపకశక్తిని లాగేసే మందును, ఆ తరువాత మరో చేత్తో దానిని తిరిగి ఇచ్చే మందును రాస్తున్న సందర్భాలు ఉన్నాయి. ఇది నన్ను చాలా బాధపెడుతుంది. దురదకూ జలుబుకూ చీటీ లేకుండా కొనితెచ్చుకునే అవిల్ వంటి మాత్రలదీ ఇదే గుణం. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్‌ల వల్ల మగత, తూలు వస్తాయి. తూలి పడి తలకు చిన్న దెబ్బ తగిలినా, వయసు మీరినవారిలో వారాల తరువాత మెదడు పైపొరల మధ్య రక్తం చేరి మతిమరుపుగా బయటపడవచ్చు. ఆమె ఈమధ్య ఎప్పుడైనా పడ్డారేమో అడిగి తెలుసుకోండి. మాత్రను మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. వైద్యుడు మోతాదును మెల్లగా తగ్గిస్తూ, అవసరమైతే మంట ఉన్న చోట రాసే లిడోకెయిన్ పూతకు మార్చగలరు. మందే కారణమైతే కొన్ని వారాల్లో తేడా మీకే తెలుస్తుంది.

దీనితోపాటు బి12 విటమిన్, థైరాయిడ్, సోడియం, చక్కెర పరీక్షలు చేయించాలి. మధుమేహానికి ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నట్లయితే బి12 తగ్గి ఉండే అవకాశం ఎక్కువ. చెవులు, కళ్లు కూడా చూపించండి. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో, ప్రపంచంలోని డిమెన్షియాలో సుమారు 45 శాతానికి సరిదిద్దుకోదగిన 14 కారణాలతో సంబంధం ఉందని లెక్కగట్టింది. వినికిడి లోపం, చూపు మందగించడం, రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్ట్రాల్, దిగులు, ఒంటరితనం అందులో ఉన్నాయి. ఒక మాట చెవికి సరిగా చేరకపోతే అది జ్ఞాపకంగా నిలిచేదెట్లా? అడిగిందే అడగడం వెనుక ఒక్కోసారి ఉన్నది చెవుడే.

ఒంటరితనం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తెల్లవారుజామున లేచి పాలు పితికి, పాలకేంద్రం దాకా నడిచి, పదిమందితో మాట్లాడి తిరిగివచ్చిన మనిషి, భర్తను పోగొట్టుకుని, పశువులను అమ్ముకుని, పట్నంలో తలుపులు మూసిన ఇంట్లో పగలంతా కూర్చుంటున్నారు. దిగులు కూడా వృద్ధులలో మతిమరుపు రూపంలోనే కనబడుతుంది, దానికి వైద్యం ఉంది. పలమనేరు వైపువారు చాలామందికి తెలుగుతోపాటు తమిళం, కన్నడం కూడా నోటికి వస్తాయి. ఈ సందర్భంలో మన తెలుగుగడ్డ మీద జరిగిన ఒక పరిశోధనను చెప్పకుండా ఉండలేను. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, ఒకే భాష మాట్లాడేవారికన్నా రెండు భాషలు మాట్లాడేవారిలో ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. చదువురానివారిలో కూడా ఈ తేడా కనిపించడం విశేషం. ఇది వేల్స్ పరిశోధనంత గట్టి సాక్ష్యం కాదు, అయినా ఆమె తమిళంలోనో కన్నడంలోనో కబుర్లు చెప్పుకునే తోడు మీ వీధిలో ఉంటే కలపండి. దానికి రూపాయి ఖర్చు లేదు, దుష్ఫలితమూ లేదు.

టీకా విషయానికి వస్తే, వేయించమనే నా సలహా. మతిమరుపు కోసం కాదు, మరోసారి అక్కి రాకుండా. ఒకసారి వచ్చినవారికి మళ్లీ రావచ్చు. పాత అక్కి పొక్కులు పూర్తిగా మానాయి కనుక వేయించుకోవడానికి అడ్డంకి లేదు. రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు తీసుకోవాలి. పెద్ద పరీక్షల్లో ఈ టీకా 70 ఏళ్లు దాటినవారిలో కూడా అక్కిని దాదాపు 90 శాతం అరికట్టింది. చేయి నొప్పి, ఒళ్లు నొప్పులు, జ్వరం రెండు మూడు రోజులు ఉండవచ్చు. మెదడుకు కూడా మేలు జరిగితే అది మనకు అదనంగా దక్కినట్లు. కాని చేతిలోని డబ్బు పరిమితమైతే ముందు రక్తపరీక్షలు, చెవి పరీక్ష, మాత్ర మార్పు. ఆ తరువాతే టీకా.

తిరుపతిలో స్విమ్స్‌లో నరాల వైద్య విభాగం ఉంది, అక్కడ చూపించవచ్చు. వెళ్లేటప్పుడు ఇంట్లో ఆమె వాడుతున్న మందుల అట్టలన్నీ, కొనుక్కున్న జలుబు మాత్రలు, ఆయుర్వేద చూర్ణాలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. పగలు ఆమెతో ఇంట్లో ఉండేవారు ఎవరో వారు తప్పక వెంట రావాలి. మరపు ఎప్పుడు మొదలైంది, ఆ మాత్ర మొదలుపెట్టిన నెలకూ దానికీ దూరమెంత అన్నది వారినే వైద్యుడు అడుగుతారు. ఈలోగా గంటల్లో గాని ఒకటి రెండు రోజుల్లో గాని ఆమె ఒక్కసారిగా తికమకపడి, మనుషులను గుర్తుపట్టకపోయినా, మాట తడబడినా, ఒకవైపు కాలూ చేయీ బలహీనపడినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.