బీ మైనర్ పట్టగానే బొటనవేలు లాగేస్తోంది.. ఉకులేలే మానేయాలా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మా పాపతో పాటు నేనూ ఉకులేలే (నాలుగు తీగల చిన్న గిటార్ లాంటిది) నేర్చుకుంటున్నా. ఏ మైనర్, డీ మైనర్ కార్డ్స్ (తీగల్ని నొక్కి కలిపి పలికించే స్వరాలు) వచ్చేశాయి, బీ మైనర్ దగ్గర ఎడమచెయ్యి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన బాగా నొప్పి. వేళ్ల చివర్లు కూడా మండుతున్నాయి. మానేయమంటారా? - ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మానేయక్కర్లేదమ్మా, ఓ పది రోజులు బీ మైనర్ జోలికి మాత్రం వెళ్లకండి. వేళ్ల మంటకి టెన్షన్ వద్దు, అవి నైలాన్ స్ట్రింగ్సే, కొన్ని వారాల్లో చర్మం గట్టిపడి అదే తగ్గిపోద్ది, బొబ్బ లేస్తే చిదపకండి అంతే.

అసలు సంగతి బొటనవేలిది. ఏ మైనర్‌కి ఒక్క వేలు చాలు, బీ మైనర్‌కేమో చూపుడువేలిని రెండో ఫ్రెట్ (వాయిద్యం మెడ మీద కమ్మీల మధ్య ఉండే గడి) మీద అడ్డంగా పడుకోబెట్టి, ఉంగరం వేలు నాలుగో ఫ్రెట్‌లో జీ స్ట్రింగ్ మీద పెట్టాలి కదా, సౌండ్ సరిగ్గా రాకపోయేసరికి చాలామంది వెనకనుంచి బొటనవేలితో పట్టకారులా బిగించేస్తారు. దాంతో బొటనవేలిని కదిలించే రెండు టెండన్లు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లలాంటివి) మణికట్టు పక్కనున్న తొడుగులో ఒరుసుకుని నొప్పి పుడుతుంది, దీన్ని డీ క్వెర్వేన్ అంటాం, చంటిపిల్లల్ని ఎత్తుకుని తిరిగే తల్లుల్లో ఎక్కువ చూస్తుంటాం. బొటనవేలిని గుప్పిట్లో పెట్టి మూసి, మణికట్టుని చిటికెనవేలి వైపు మెల్లగా వంచండి, సర్రున లాగితే చాలావరకు అదే. ఊరికే మళ్లీ మళ్లీ చేసి చూడకండి, ఇంకా రేగుద్ది.

రోజుకి రెండుమూడు సార్లు గుడ్డలో ఐస్ చుట్టి 10 నిమిషాలు పెట్టండి. బొటనవేలిని కూడా కదలనివ్వని స్ప్లింట్ మెడికల్ షాపుల్లో దొరుకుద్ది, ఉత్త మణికట్టు బ్యాండ్ వేస్తే పెద్దగా లాభం లేదు. నొప్పి మాత్రలు మీ అంతట మీరు మింగొద్దు, ముఖ్యంగా అల్సరో కిడ్నీ సమస్యో ఉంటే.

తగ్గాక మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒకటి గమనించండి, జీ స్ట్రింగ్‌ని ఎలాగూ ఉంగరం వేలు నొక్కుతుంది, చూపుడువేలు నొక్కాల్సింది మిగతా మూడిటినే. ఆ వేలిని కాస్త పక్కకి తిప్పి ఫ్రెట్ కమ్మీకి దగ్గరగా పెడితే సగం బలం చాలు. స్ట్రాప్ వేసుకోండి, లేకపోతే తీగలు నొక్కే ఎడమచెయ్యే దాన్ని మోయాల్సొస్తుంది. అయినా రాకపోతే స్ట్రింగ్స్ మరీ ఎత్తులో ఉన్నాయేమో మ్యూజిక్ షాప్‌లో చూపించండి, చాలాసార్లు తప్పు చేతిది కాదు, వాయిద్యానిదే.

రెండుమూడు వారాలైనా తగ్గకపోయినా, రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తున్నా, వేలు మడిస్తే ఇరుక్కుపోతున్నా ఆర్థో డాక్టర్‌కి చూపించండి. షుగర్, థైరాయిడ్ రిపోర్టులుంటే పట్టుకెళ్లండి, అవి ఉన్నవాళ్లలో ఈ తిమ్మిర్లు, వేలు ఇరుక్కోవడాలు ఎక్కువ.