సమాధానం: లండన్ ఈస్ట్ హామ్‌లో ఫ్రీవ్యూ (బ్రిటన్‌లో యాంటెన్నాతో ఉచితంగా వచ్చే టీవీ) బొమ్మ ముక్కలవుతోంది, బూస్టర్ పెట్టినా ఆగట్లేదు

సిగ్నల్‌ని పెంచే ఆ బూస్టరే కారణం అయ్యుంటుంది. సిగ్నల్ స్ట్రెంత్ 100 ఉండి, క్వాలిటీ మాత్రం ఊగుతోందని మీరే రాశారు. సిగ్నల్ తక్కువై కాదు, ఎక్కువై ట్యూనర్ (టీవీలో సిగ్నల్ అందుకునే భాగం) తట్టుకోలేకపోతోంది. లండన్‌కి ప్రసారం చేసే క్రిస్టల్ ప్యాలెస్ టవర్ 200 కిలోవాట్లది, మీకు సుమారు 15 కిలోమీటర్లే.

1. బూస్టర్ స్విచ్ ఆపి "అబ్బే, ఇంకా పాడైంది" అని మళ్లీ వేసేస్తారు చాలామంది. తప్పంతా ఇక్కడే. కరెంటు లేని బూస్టర్ సిగ్నల్‌ని దాదాపు అడ్డుకుంటుంది. అటక మీదున్న ఆ బూస్టర్ డబ్బాని పూర్తిగా విప్పేసి, దానికున్న రెండు కేబుళ్లనీ చిన్న కప్లర్‌తో (రెండు కేబుళ్లని కలిపే జాయింట్) నేరుగా కలపండి. కలిపేటప్పుడు చివర్లు దగ్గరగా చూడండి: పైన అల్లిన తీగల్లో ఒక్క పోగు మధ్య రాగి తీగకి తగిలినా బొమ్మ పోతుంది.

2. ఏరియల్ (యాంటెన్నా) మొన నైరుతి వైపు, పుల్లలు నేలకి సమాంతరంగా ఉండాలి.

3. ఏరియల్ వైరు పీకేసి ఒకసారి ఆటో ట్యూన్ చేయండి, పాత లిస్టు పోతుంది. వైరు పెట్టి మళ్లీ చేయండి.

4. మాన్యువల్ ట్యూనింగ్‌లో 23, 26, 30 నంబర్లు (ఇవి ప్రసార ఫ్రీక్వెన్సీ నంబర్లు, రిమోట్‌లో నొక్కే ఛానెల్ నంబర్లు కావు) ఒక్కొక్కటీ చూడండి. బీబీసీ 23లో, ఐటీవీ 26లో, హెచ్‌డీవి 30లో వస్తాయి. మూడింట్లోనూ క్వాలిటీ కదలకుండా నిలిస్తే చాలు, బూస్టర్ మళ్లీ పెట్టకండి.

26 ఒక్కటే ఇంకా ఊగితే గోడ సాకెట్ నుంచి టీవీకి వచ్చే చిన్న వైరు మార్చండి.